డ్రైవరే దాడికి దిగితే లారీ ఏం చేయాలి?

2016 డిసెంబర్ 19 సాయంత్రం. బెర్లిన్‌లోని క్రిస్మస్ మార్కెట్ జనంతో కిటకిటలాడుతోంది. స్టీలు లోడుతో వచ్చిన ఒక స్కానియా లారీని ఉగ్రవాది చేజిక్కించుకుని, అసలు డ్రైవర్‌ను కాల్చి చంపి, నేరుగా జనం మీదికి తోలాడు. ఆ డ్రైవర్‌తో కలిపి 13 మంది ప్రాణాలు పోయాయి. అంతకు ఐదు నెలల ముందు, జులై 14న ఫ్రాన్స్‌లోని నీస్‌లో ఇలాంటి దాడే జరిగింది. 19 టన్నుల లారీ సముద్రం పక్క రోడ్డుపై దాదాపు 2 కిలోమీటర్లు జనాన్ని తొక్కుకుంటూ పోయింది. 86 మంది చనిపోయారు.

బెర్లిన్ లారీ మాత్రం మార్కెట్లోకి దూసుకొచ్చాక 70, 80 మీటర్లకే ఆగిపోయింది. జర్మన్ మీడియా సంస్థలు ఆరా తీస్తే తేలిందేమిటంటే, దాన్ని ఆపింది అందులోని ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేక్. యూరప్‌లో 2015 చివరికల్లా కొత్త భారీ లారీలన్నిటికీ ఇది తప్పనిసరి అయింది. హైవే మీద కునుకు తీసిన డ్రైవర్ ముందున్న బండిని గుద్దకుండా పెట్టిన బ్రేకు అది. దాడిని ఆపాలని ఎవరూ దాన్ని డిజైన్ చేయలేదు. అనుకోకుండా కొన్ని ప్రాణాలు కాపాడింది.

అనుకోకుండా జరిగిన ఈ పనిని ఇకపై అనుకుని చేయాలన్నది నా వాదన. ఆ కోడ్ రాయబోయేది ఎక్కడో ఎవరో కాదు, రేపు ఆటోమోటివ్ కంపెనీల్లో చేరబోయే మీలాంటి వాళ్లే.

బ్రేకు ఒకటి, మాట వినేది ఇంకొకరిది

ఎమర్జెన్సీ బ్రేక్ పని సింపుల్. రాడార్, కెమెరా ముందున్న అడ్డంకిని చూస్తాయి. ముందు హెచ్చరిస్తుంది, డ్రైవర్ స్పందించకపోతే తనే బ్రేకు వేస్తుంది. కానీ యాక్సిలరేటర్‌ను గట్టిగా తొక్కితే ‘సరే, నీ ఇష్టం’ అని తప్పుకునేలా దీన్ని రూపొందించారు. యూరప్‌లో 2024 జులై నుంచి కొత్త వాహనాలన్నిటికీ తప్పనిసరి చేసిన స్పీడ్ అసిస్టెన్స్ కూడా అంతే. డ్రైవర్ కాలు గట్టిగా నొక్కితే పక్కకు జరుగుతుంది.

ఇది లోపం అనుకోవద్దు. 1968 నాటి వియన్నా ఒప్పందం నుంచీ రోడ్డు చట్టాల మూలసూత్రం ఒక్కటే: బండి డ్రైవర్ అదుపులో ఉండాలి. దానికి కారణం ఉంది. ఫ్లైఓవర్ నీడను చూసి అడ్డంకి అనుకుని లారీ హైవే మధ్యలో ఆగిపోతే వెనకొచ్చే బస్సు సంగతేంటి? అందుకే చివరి మాట మనిషికి వదిలారు.

చిక్కల్లా ఎక్కడంటే, ఈ సిస్టమ్ డ్రైవర్‌ను అలసిపోయేవాడిగా, పొరపాటు చేసేవాడిగా ఊహించుకుంది. కావాలనే గుద్దేవాడు దాని లెక్కలో లేడు.

చివరి మాట చోటును బట్టి ఉండాలి

హైవే మీద చివరి మాట డ్రైవర్‌దే ఉండనివ్వండి. మనుషులు మాత్రమే నడిచే వీధిలో మాత్రం బండిదే కావాలి. అక్కడ లారీ పొరపాటున ఆగిపోయినా నష్టం రెండు నిమిషాల ఆలస్యం. ఆగకపోతే నష్టం ఎంతో నీస్‌లో చూశాం.

దీనికి కావాల్సిన టెక్నాలజీ పేరు జియోఫెన్సింగ్. మ్యాప్‌లో ఒక ప్రాంతం చుట్టూ గీత గీస్తారు. బండి ఆ గీత దాటగానే వేగం తనంతట తనే తగ్గుతుంది. 2017 ఏప్రిల్‌లో స్టాక్‌హోమ్ నడిబొడ్డున బీరు సరఫరా చేసే లారీని ఎత్తుకెళ్లి దాడి చేశాక, స్వీడన్ ప్రభుత్వం దీని మీద సీరియస్‌గా పనిచేయమని తన రవాణా శాఖకు అప్పగించింది. ఫిజిక్స్ కూడా దీన్నే సమర్థిస్తుంది. గతిజశక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కదా. గంటకు 80 కిలోమీటర్ల నుంచి 20కి తగ్గిస్తే గుద్దే శక్తి పదహారో వంతుకు పడిపోతుంది. పరిగెత్తి తప్పుకునే టైమూ దొరుకుతుంది.

మన దేశంలో చాలా రవాణా వాహనాలకు స్పీడ్ గవర్నర్ తప్పనిసరి, పరిమితి గంటకు 80. అయితే అది హైవేలోనూ 80యే, జాతర జరిగే వీధిలోనూ 80యే. ఎక్కడ ఉన్నామో దానికి తెలియదు. ఆ తెలివి ఇవ్వడమే జియోఫెన్సింగ్.

పిన్ పెడితే సరిపోదా?

కొంతవరకే. బెర్లిన్, స్టాక్‌హోమ్‌లలో లారీలు ఎత్తుకొచ్చినవి. డ్రైవర్ గుర్తింపు లేనిదే ఇంజిన్ స్టార్ట్ కాకపోతే అలాంటి దాడులు కష్టమవుతాయి. కానీ నీస్ లారీ అద్దెది. 2025 జనవరి 1న న్యూ ఓర్లీన్స్‌లో 14 మందిని చంపిన పికప్ కూడా అద్దెదే. అక్కడ తాళం చేతిలో ఉన్నది హక్కున్న డ్రైవరే. మనిషి ఎవరో తెలిసినా మనసులో ఏముందో ఏ యాప్ చెప్పదు. బండి ప్రవర్తన మీద పరిమితి పెట్టడం ఒక్కటే దారి.

అలాగని ‘కంట్రోల్ రూమ్ నుంచి ఏ లారీనైనా ఆపేసే బటన్ పెడదాం’ అంటే నేను ఒప్పుకోను. 2015లో ఇద్దరు పరిశోధకులు ఇంటర్నెట్ ద్వారా జీప్ చెరోకీలోకి చొరబడి, రోడ్డు మీద వెళ్తున్న బండిని నియంత్రించి చూపించారు. కంపెనీ 14 లక్షల వాహనాలను రీకాల్ చేయాల్సి వచ్చింది. వేల లారీలను ఆపగలిగే బటన్ తప్పుడు చేతుల్లో పడితే ఒక్క లారీ దాడి కంటే పెద్ద ప్రమాదం. కాబట్టి నిర్ణయం బండిలోపలే జరగాలి. బయటి నుంచి రావాల్సింది సంతకం సరిచూసుకున్న మ్యాప్ మాత్రమే. అంబులెన్సుకు, ఫైరింజన్‌కు మినహాయింపూ అందులోనే ఉండాలి.

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. జీపీఎస్‌ను జామ్ చేయొచ్చు. పాత లారీలు ఇంకా ఏళ్ల తరబడి రోడ్ల మీదే ఉంటాయి. అందుకే వీధి మొదట్లో ఇనుప స్తంభాలు కావాల్సిందే. న్యూ ఓర్లీన్స్‌లో దాడి జరిగిన రోజు బోర్బన్ వీధిలో పాత స్తంభాలు మార్చే పని నడుస్తోంది.

మీరేం నేర్చుకోవాలి?

ఆటోమోటివ్ సాఫ్ట్‌వేర్‌లో రెండు ప్రమాణాల పేర్లు తరచూ వింటారు. ఐఎస్‌ఓ 26262 భాగాలు ఫెయిలైతే ఏం చేయాలో చూస్తుంది. ఐఎస్‌ఓ 21434 హ్యాకర్ల సంగతి చూస్తుంది. సీటులో కూర్చున్నవాడే దాడి చేస్తే ఏంటన్న ప్రశ్న ఈ రెండింటి మధ్య జారిపోతోంది. రెండూ చదివినవాడికే ఆ ఖాళీ కనిపిస్తుంది. ఈసీఈ, సీఎస్‌ఈ, మెకానికల్ ఏ బ్రాంచి అయినా సీ లాంగ్వేజ్, క్యాన్ బస్, సిములింక్ మీద పట్టు తెచ్చుకోండి.

ఎక్కడికో వెళ్లక్కర్లేదు. లారీ బ్రేకుల తయారీలో పెద్దపేరున్న జెడ్‌ఎఫ్‌కు హైదరాబాద్‌లో టెక్నాలజీ సెంటర్ ఉంది. డైమ్లర్ ట్రక్, బాష్ బెంగళూరులో ఉన్నాయి. ఐఐటీ హైదరాబాద్‌లో తిహాన్ టెస్ట్‌బెడ్ ఉంది.

ఫైనలియర్ ప్రాజెక్టుకు మళ్లీ అదే అటెండెన్స్ యాప్ వద్దు. కార్లా అనే సిమ్యులేటర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో ఒక బజారు వీధి పెట్టండి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టిన డ్రైవర్‌ను పెట్టండి. ఏ చోట, ఎంత వేగం దగ్గర బండి అతని మాట వినడం మానేయాలో మీరే నిర్ణయించి కోడ్ రాయండి. పొరపాటున ఎన్నిసార్లు ఆగిందో కూడా లెక్కపెట్టండి. ఇంటర్వ్యూలో ఆ లెక్క గురించి పది నిమిషాలు మాట్లాడగలిగితే మీ రెజ్యూమె గుంపులో కలిసిపోదు. ఆ కోడ్ ఏదో ఒక రోజు నిజం లారీలోకి వెళ్తే, ఏదో ఒక ఊళ్లో కొందరు సంత నుంచి క్షేమంగా ఇంటికి చేరతారు.