పైపైన చూసిన తేమ లెక్క ఒప్పుకోవద్దు

2020లో కరోనా వచ్చినప్పుడు తుపాకీలాంటి యంత్రం నుదుటికి చూపి జ్వరం చూసిండ్రు, యాదికుందా? ఎండన పడి వచ్చిన మనిషికి జ్వరం లేకున్నా అంకె ఎక్కువ చూపేది. కాసేపు నీడన కూర్చోబెట్టి మళ్లీ చూస్తే మామూలే. యంత్రం అబద్ధమాడలేదు. అది చర్మం పైవేడినే చెప్పింది. పత్తికి పెట్టే తేమ మీటరు కథ కూడా ఇట్లాంటిదే.

ఒక్క అంకె తేడా ఎంతో చూడండి. 2025-26 సీజనులో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం లోపుంటేనే ఈ ధర. ఆపైన ఒక్కో శాతానికి 81 రూపాయల 10 పైసలు కోత. 12 శాతం దాటితే సీసీఐ కొనదు. 9 ఉన్న పత్తిని 12 అని రాస్తే పది క్వింటాళ్లకు 2,433 రూపాయలు పోయినట్టే. ఏరిన కూలీలకు ఇచ్చే పైసలవి.

మీటరు పత్తిలోకి కొద్దిగా కరెంటు పంపి చూస్తుంది. తడి ఉంటే కరెంటు ఎక్కువ పారుతుంది, అంకె పెరుగుతుంది. పత్తి వేడిగా ఉన్నా, గట్టిగా అదిమినా అంకె పెరుగుతుంది. బ్యాటరీ దిగినా లెక్క తప్పవచ్చు. రాత్రంతా ఆరుబయట ఉన్న బండిలో పొద్దుగాల పైపొర మంచుకు తడిసి ఉంటుంది, లోపల పొడిగా ఉండొచ్చు. మధ్యాహ్నం దీనికి తిరకాసు. పైన ఎండుతుంది, లోపల చెమ్మ మిగులుతుంది. అందుకే ఒక్కచోట గుచ్చి చెప్పిన అంకె మొత్తం బండి లెక్క కాదు.

మన తప్పులు కూడా దిద్దుకోవాలె. మంచు ఆరినంకనే పత్తి ఏరండి. రెండు రోజులు పరదా మీద పలుచగా ఆరబోసి, తిరగేస్తుండండి. ఎండలోంచి తీసిన వెంటనే తొక్కి నింపొద్దు, నీడన చల్లారనివ్వండి. రాత్రిపూట బండి మీద పరదా కప్పండి. తూకం పెరుగుతుందని నీళ్లు చల్లితే మనల్ని మనమే ముంచుకున్నట్టు.

ఇగ కొనేవాళ్ల వంతు. ఆసియాలోనే పెద్ద మార్కెట్లలో ఒకటని పేరున్న ఎనుమాముల యార్డయినా, జిన్నింగు మిల్లులోని సీసీఐ కేంద్రమైనా పద్ధతి ఒకటే ఉండాలె. పైన, నడుమ, అడుగున మూడు చోట్ల చూసి సగటు తీయాలె. రైతు ముందే చూసి, ఆ అంకె చీటీ మీద రాసివ్వాలె. ప్రతి రైతు వేదికలో ఒక మీటరు పెడితే, బండి కిరాయి పెట్టుకోకముందే తేమ ఎంతో మనకే తెలుస్తుంది.

కాంటా ముల్లును చూడటం మనకు ఎవరూ నేర్పలేదు, నష్టపోయి నేర్చుకున్నాం. మీటరును కూడా అట్లనే చూడండి. "ఎక్కడ పెట్టి చూసినవు? ఇంకోసారి లోపల చూడు" అని అడగండి. అడగటానికి మొహమాటపడితే కోత మన పత్తికే.