కూలివాని చెమటలోని యుప్పు

ప్రతి వేసవియందును "ఎండదెబ్బకు ఇందఱు మృతి" యను వార్తను ప్రకటించుట పత్రికలకును, చదివి పుట త్రిప్పుట పాఠకులకును అలవాటైపోయినది. 2015వ సంవత్సరము మే నెలలో ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములు రెండింటను గలిసి పదునైదు వందలకు పైబడిన జనులు ఎండకు బలియైరి. ఇట్టి చావులలో ముందువరుస ఆరుబయట పనిచేయు కూలీలది, వృద్ధులది. 2025లో తెలంగాణ ప్రభుత్వము వడదెబ్బను విపత్తుగా నెంచి, మృతుని కుటుంబమునకు నాలుగు లక్షల రూపాయల సహాయమును నిర్ణయించెను. మంచిదే. కాని చనిపోయిన పిమ్మట నాలుగు లక్షలు పలికిన ప్రాణమునకు, బ్రతికియున్న దినమున గట్టుమీద ఉప్పు కలిపిన మజ్జిగ కుండ యొకటి యేల దొరకలేదని యడుగుట మా విధి. ఈ ప్రశ్న మేము ప్రభుత్వము నడుగుటలేదు, పొలము గలవారి నడుగుచున్నాము.

"నీళ్లు పెట్టుచునే యున్నాముగదా" యని వారనవచ్చును. అక్కడనే పొరపాటున్నది. ఎండలో శ్రమించువానికి ఉత్త నీరు చాలదు.

మన దేహపు బరువులో ఇంచుమించు నూటికి అఱువది పాళ్లు నీరే. అఱువది కిలోల మనుష్యునియందు ముప్పదియాఱు లీటర్లుండును. అది చెఱువు నీటివలె ఒక్కచోట నిలిచియుండునది కాదు. మూడింట రెండు పాళ్లు జీవకణముల లోపలను, తక్కినది వాని చుట్టును నెత్తుటియందును ఉన్నది. వెలుపలి నీటియందు ప్రధానలవణము సోడియము. లోపలి నీటియందు పొటాషియము. నీరు లవణము నెక్కువగా నున్న దిక్కునకే ప్రవహించును. కనుక ఈ రెండింటి నిష్పత్తి చెడినచో నీరు ఉండవలసిన తావును విడిచిపోవును. ఈ నిష్పత్తిని కాపాడుటకై ప్రతి కణపు గోడయందును మూడు సోడియము రేణువులను వెలికి తోడి, రెండు పొటాషియము రేణువులను లోనికి దెచ్చు ఏతమువంటి యంత్రము రేయింబవళ్లు పనిచేయుచున్నది. డెన్మార్కు దేశపు శాస్త్రజ్ఞుడు యెన్స్ స్కౌ దీనిని 1957లో వెల్లడించి, 1997లో నోబెల్ బహుమానమునందు భాగము గాంచెను. మనము ఊరక పరుండియున్నప్పుడును దేహము వెచ్చించు శక్తిలో అయిదవ వంతో, అంతకు మించియో ఈ తోడుటకే చెల్లుచున్నది. నరము కదలినను, కండ బిగిసినను, గుండె కొట్టుకొనినను ఈ ఏతము నిలిపిన తారతమ్యము వలననే. ఏతము తొక్కిన వంశముల వారికి దీని విలువను వేఱుగ జెప్పనక్కఱలేదు.

ఇక చెమట సంగతి. మండుటెండలో బరువుపని చేయువాని యొడలినుండి గంటకు లీటరు వఱకు చెమట పోవచ్చును. లీటరు చెమటలో రెండు గ్రాముల యుప్పు పోయినదనుకొన్నను, అయిదు లీటర్లకు పది గ్రాములు. నీడపట్టున గూర్చుండువారు దినమునకు అయిదు గ్రాములకు మించి యుప్పు తినరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచుండగా, దానికి రెట్టింపు ఒక్క పూటలో మట్టిపాలగుచున్నది. ఈ నష్టమును ఉత్త నీటితోనే పూడ్చబూనినచో నెత్తురు పలుచనై సోడియము తగ్గును. పిక్కలు పట్టును, వాంతి వచ్చును, తల తిరుగును. మితిమీరినచో మెదడు వాచి స్పృహ తప్పును. నీరే త్రాగనిచో నెత్తురు తగ్గి, చర్మమునకు చేరవలసిన ప్రవాహము చాలక, చెమట పట్టుటయే మందగించి, దేహోష్ణము పైకెగయును. అసలైన వడదెబ్బకు ఇది దగ్గఱిదారి.

ఇది నేడు క్రొత్తగా దెలిసిన విషయమా? కాదు. ఇంగ్లండు బొగ్గుగనులలో లోతున వేడిమియందు పనిచేయు కూలీలు కడుపునిండ నీరు త్రాగియు కండలు పట్టుకొని పొరలాడుచుండగా, 1920 ప్రాంతములందు అచ్చటి శాస్త్రజ్ఞులు కారణము వెదకి, త్రాగునీటిలో కొంచెము ఉప్పు కలిపినంతనే ఆ బాధ తొలగుట చూచిరి. తన గనికూలికి ఉప్పునీరు అవసరమని దెలిసికొన్న ఆ ప్రభుత్వమే, మన పొలముకూలి తినెడి యుప్పుపై పన్ను గుంజుచుండెను! 1930లో గాంధీమహాత్ముడు దండికి నడచినప్పుడు, ఇంత చిన్న వస్తువునకై యింత పోరాటమేలయని నవ్వినవారు లేకపోలేదు. ఆ పన్ను పేదవానిపై నెక్కువ బరువని ఆయన చెప్పినది లెక్కల మాటయే గాదు, శరీరశాస్త్రపు మాట కూడ. ఎవడు ఎక్కువ చెమటోడ్చునో వానికే ఎక్కువ యుప్పు కావలయును. దేవరంపాటను, బందరు తీరమునను లాఠీలకు వెఱవక ఉప్పు వండినవారు ఆ కూలివాని పక్షముననే నిలిచిరి. 1947లో పన్ను పోయినది. ఉప్పు మాత్రము గట్టుమీది కుండలోనికి ఇంకను రాలేదు.

ఇంత చవుక వస్తువు ప్రాణము నిలుపునా యని సందేహించువారు 1971వ సంవత్సరపు బనగాఁవ్‌ను తలచుకొందురు గాక. తూర్పుబంగాళము నుండి లక్షలుగా తరలివచ్చిన కాందిశీకులను కలరా కబళించుచుండెను. నరమునకెక్కించు సెలైను సీసాలు తఱిగిపోయినవి. అప్పుడు డాక్టరు దిలీప్ మహలనబీస్, లీటరు నీటికి ఇరువదిరెండు గ్రాముల గ్లూకోసు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా చొప్పున కలిపి, పీపాలలో నింపించి, రోగుల బంధువుల చేతనే త్రాగింపించెను. నూటికి ముప్పదివఱకున్న మరణములు నాలుగింటికి లోబడినవి. అందలి రహస్యము స్వల్పమే: ప్రేగు సోడియమును గ్లూకోసును జతగా లోనికి గొనును, వానివెంట నీరు వచ్చును. ఇంటియందైనను లీటరు కాచి చల్లార్చిన నీటికి తలకొట్టిన చిన్న చెంచాలు ఆఱు చక్కెర, అర చెంచా ఉప్పు కలిపిన చాలును. ఈ కొలత విరేచనముల రోగికి. ఇందు ఉప్పు మించరాదు. పసిబిడ్డల విషయమున మఱియు జాగ్రత్త వలయును.

ఈ మేలును గూడ వ్యాపారము వదలలేదు. ఆ ద్రావణపు పేరు తగిలించుకొని, దానికి ఎన్నోరెట్లు చక్కెర కలిపిన పానీయములు మందులదుకాణములలో చెల్లుచుండెను. విరేచనములు తగ్గించుటకు మాఱు పెంచునవి! హైదరాబాదునందలి యొక శిశువైద్యురాలు ఏండ్ల తరబడి పోరాడగా, 2025 అక్టోబరులో ఆహారప్రమాణముల సంస్థ ఆ పేరు వాడరాదని శాసించినది. తెలుగునాట ఇట్టి పట్టుదల గలవారుండుట మాకు గర్వకారణము.

కూలివానికి సీసా పానీయ మక్కఱలేదు. ఉప్పువేసిన పలుచని మజ్జిగయు, గంజియు, తరవాణియు, రాగియంబలియు మన యిండ్లలో నేటివి కావు. పూర్వము కొన్ని యిండ్లలో కోతకూలీలకు ఇవి పోయనిదే పని మొదలు కాకుండెడిది. కూలి రొక్కమైన పిమ్మట, గంజికుండ లెక్కలోనికి రాదని మానివేసితిమి. కొబ్బరినీరు మేలేగాని, అందు పొటాషియము మెండు, సోడియము కొఱత. చెమట నష్టమునకు అదియొక్కటే చాలదు. ఉప్పు తిన్న యింటికి ద్రోహము చేయరాదని కూలివానికి బోధించుట మనవారికి పరిపాటి. మన మడిలో వాడు కార్చిన యుప్పునకు ఋణపడియున్నది మనమే గదా!

పట్టణవాసులకొక మాట. పైన జెప్పినది పంకా క్రింద గూర్చుండి మూడుపూటల ఆవకాయ నంజుకొనువారికి వర్తింపదు. వారి కుప్పు ఎక్కువైనదే గాని తక్కువ కాలేదు. రక్తపుపోటు, మూత్రపిండముల వ్యాధి గలవారు వైద్యుని యడుగక ఉప్పునీరు ముట్టరాదు.

ఒడలు కాలిపోవుచు మాట తడబడినవానికి, స్పృహ తప్పినవానికి నోట నేమియు పోయక, వెంటనే నీడకు జేర్చి, బట్టలు వదులుచేసి, ఒడలెల్ల తడిపి విసరుచు ఆసుపత్రికి గొనిపోవలయును. ఆ స్థితి రాకుండుటకు మార్గము ముందున్నది. దేహము ఎండ కలవాటుపడి చెమటలో ఉప్పును పొదుపుచేయ నేర్చుటకు వారమో పది దినములో పట్టును. క్రొత్తగా పనిలో దిగినవారు మొదటి దినములలోనే యెక్కువగా కూలుదురు. కావున వేసవి తొలినాళ్ల పని సగము చేసి, ప్రొద్దు పొడువక మున్నె మొదలుపెట్టి పదకొండింటికి ముగించి, కూలిడబ్బు తగ్గింపక, గట్టుమీద చెట్టునీడను ఉప్పుమజ్జిగ కుండయు, ప్రక్కన మంచినీటి కుండయు నుంచుడు. ఫాల్గునము వెళ్లకమున్నె కుమ్మరికి చెప్పినచో కుండలు వేళకందును.