గద్దె మీద ఒక మాట, దిగాక ఒక మాట: ఖాలిదా జియా రాజకీయం చెప్పే పాఠం

బంగ్లాదేశ్ తొలి మహిళా ప్రధాని బేగం ఖాలిదా జియా 2025 డిసెంబర్ 30న ఢాకాలో కన్నుమూశారు. ఆమె పేరెత్తితే చాలామందికి గుర్తొచ్చేది షేక్ హసీనాతో పడ్డ వైరమే. కానీ ఇది ఇద్దరు ఆడవాళ్ల పంతం మాత్రమే కాదు. ఎన్నికలు ఎవరి చేతుల మీదుగా జరగాలన్నదే అసలు గొడవ.

భర్త, అధ్యక్షుడు జియావుర్ రెహ్మాన్‌ను 1981 మే 30న చిట్టగాంగ్‌లో కొందరు సైనికాధికారులు కాల్చి చంపారు. అప్పటిదాకా ఆమె రాజకీయాల్లో లేరు. 1984లో బీఎన్‌పీ పగ్గాలు పట్టారు. సైనిక పాలకుడు ఎర్షాద్ 1986లో ఎన్నికలు పెడితే హసీనా పార్టీ పోటీ చేసింది, ఖాలిదా ససేమిరా అన్నారు. ఆ మొండితనమే ఆమెకు పేరు తెచ్చింది. 1990 డిసెంబర్‌లో ఎర్షాద్ దిగిపోయాక, ప్రధాన న్యాయమూర్తి షహాబుద్దీన్ అహ్మద్ నడిపిన తాత్కాలిక ప్రభుత్వం ఎన్నికలు జరిపింది. 1991లో ఖాలిదా ప్రధాని అయ్యారు.

కథ ఇక్కడే మలుపు తిరిగింది. ప్రతి ఎన్నికకూ అలాంటి తటస్థ ప్రభుత్వమే ఉండాలని హసీనా పట్టుబడితే, ఖాలిదా ఒప్పుకోలేదు. 1996 ఫిబ్రవరి ఎన్నికల్ని ప్రతిపక్షం బహిష్కరించింది. వీధుల్లో ఒత్తిడి పెరిగాక ఆమె దిగొచ్చి, రాజ్యాంగ సవరణతో ఆ పద్ధతి తెచ్చారు. జూన్‌లో ఓడిపోయారు. అదే పద్ధతిలో 2001లో మళ్లీ గెలిచారు.

2004లో ఆమె ప్రభుత్వం న్యాయమూర్తుల పదవీ విరమణ వయసును 65 నుంచి 67కి పెంచింది. తమకు అనుకూలుడైన మాజీ ప్రధాన న్యాయమూర్తిని తాత్కాలిక ప్రభుత్వంలో కూర్చోబెట్టడానికే ఇదంతా అని ప్రతిపక్షం మండిపడింది. ఆ గొడవ ముదిరి 2007 జనవరిలో ఎమర్జెన్సీ దాకా పోయింది.

2011లో హసీనా వంతు. ఒకప్పుడు తాను పోరాడి తెచ్చుకున్న పద్ధతినే ఆమె రద్దు చేశారు. ఈసారి అది కావాలన్నది ఖాలిదా. 2014లో బీఎన్‌పీ బహిష్కరించడంతో 300 స్థానాల్లో 153 పోటీ లేకుండానే ఏకగ్రీవమయ్యాయి. 2018 ఫిబ్రవరిలో అవినీతి కేసులో ఖాలిదా జైలుకెళ్లారు. 2024 ఆగస్టు 5న హసీనా దేశం విడిచి వెళ్లాకే ఆమెకు పూర్తి విడుదల దొరికింది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది.

నియమాలు నచ్చకపోతే మార్చేయొచ్చని ఇద్దరూ అనుకున్నారు. మూల్యం కూడా ఇద్దరూ చెల్లించారు, ఒకరు జైల్లో, ఇంకొకరు పరాయి దేశంలో. వాళ్లకంటే ఎక్కువ చెల్లించింది ఢాకా వీధుల్లో ప్రాణాలు పోగొట్టుకున్న పిల్లలు. ఓటుతో దింపే దారి మూసేస్తే జనం వీధిలోకే వస్తారు. ఇక ముందు ఢాకా గద్దె ఎక్కే ఎవరికైనా ఆమె జీవితం చెప్పేది ఇదే.