వేన్నీళ్ళ వ్యాపారం, చన్నీళ్ళ బాల్యం



ఈ పుష్యమాసంలో ఒక సాయంత్రం, నాతోపాటు ఉద్యోగ విరమణ చేసిన ఒక మిత్రుడు మా అరుగు మీద కూర్చుని ఒక ప్రతిపాదన చేశాడు. "మేస్టారూ, ఒడిశావాళ్ళు ఒక వేన్నీళ్ళ ఊట చూపించి జనాన్ని రప్పించుకుంటున్నారు. మన మన్యం జిల్లాకి కొండలు లేవా? చలి లేదా? సాలూరు ఎగువన నాలుగు కుటీరాలు కట్టి ఒక వేన్నీళ్ళ రిసార్టు పెడితే మన కుర్రాళ్ళకి నాలుగు ఉద్యోగాలు రావా? మీరు రాయగలవారు కదా, ఒక వ్యాసం రాయండి" అన్నాడు. వ్రాస్తానని మాట ఇచ్చాను. ఆ మాట చెల్లించుకుంటున్నాను. ఆయన కోరిన వ్యాసం మాత్రం ఇది కాదు.

మొదట మాటల సంగతి. తెలుగు పండితుణ్ణి, నా రోగం అది. 'స్పా' అనే మాట నేడు క్షౌరశాలల బోర్డుల మీదికి కూడా ఎక్కింది. ప్రకటనలు వ్రాసేవారు దీనికి ఒక లాటిన్ వ్యుత్పత్తి చెబుతారు. 'సానితాస్ పెర్ అక్వామ్' (నీటి ద్వారా ఆరోగ్యం) అనే మూడు మాటల మొదటి అక్షరాలు కలిస్తే 'స్పా' అయిందట! ఇది తరువాత అల్లిన కథ. స్పా అనేది బెల్జియం దేశంలో లియేజ్ ప్రాంతంలోని ఒక చిన్న పట్టణం. అక్కడి ఖనిజపు ఊటల కోసం శతాబ్దాలుగా జనం వెళ్ళగా వెళ్ళగా ఆ ఊరి పేరే జాతివాచకమైపోయింది. ఇందులో చిత్రమేమిటంటే, ఆ ఊరికి కీర్తి తెచ్చిన ఊటలు వేడివి కావు. ఇనుము కలిసిన చల్లని ఊటలు! చన్నీళ్ళ ఊరి పేరు పెట్టుకుని వేన్నీళ్ళు అమ్ముతున్నాం. అబద్ధం పేరులోనే మొదలైంది.

మనకు మాటలు లేక కాదు. ఊట ఉంది, చెలమ ఉంది, గుండం ఉంది, బుగ్గ ఉంది. బుగ్గ అంటే చెక్కిలి అని మాత్రమే తెలిసిన తరం వచ్చింది గాని, నేల చీల్చుకుని ఉబికే నీటికి తెలుగువాడు పెట్టుకున్న పేరు అది. మణుగూరు ప్రాంతంలో వేడినీటి ఊట ఉన్న ఒక చోటుకు బుగ్గ అనే పేరు. ఆ దాపుననే పగిడేరులో బొగ్గు అన్వేషణకు వేసిన బోర్ల నుండి వేడినీరు తనంతట తానే పొంగి వస్తుంది. సింగరేణి సంస్థ ఆ వేడితో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పింది. భద్రాచలానికి ఐదారు కిలోమీటర్ల దూరంలో, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన గుండాలలో, గోదావరి ఒడ్డున ఇసుకలో గొయ్యి తవ్వితే వెచ్చని నీరు ఊరుతుంది. చలికాలంలో త్రిమూర్తులు వచ్చి అక్కడ స్నానమాడారని స్థలపురాణం. నమ్మినా నమ్మకపోయినా ఒక సంగతి గమనించండి: త్రిమూర్తులు వచ్చిపోయిన ఆ చోట నేటికీ ఎవరైనా చేతులతో ఇసుక తోడుకుని నీళ్ళు చూడవచ్చు.

ఈ వేడి ఎక్కడిది? మన దిక్కున అగ్నిపర్వతాలు లేవు. వాననీరు నేలలోని పగుళ్ళ వెంబడి లోతుకు దిగుతుంది. కిలోమీటరు లోతుకు ఇంచుమించు 25 నుండి 30 డిగ్రీల చొప్పున భూమి వేడెక్కుతుంది. అలా కాగిన నీరు మరొక పగులు దొరికినచోట పైకి వస్తుంది. గోదావరి లోయ అటువంటి ప్రాచీనమైన పగుళ్ళ నేల. భారతదేశంలో ఇటువంటి ఊటలు మూడు వందలకు పైగా ఉన్నాయని శాస్త్రజ్ఞులు లెక్క తేల్చారు. కనుక మిత్రుని ప్రతిపాదనకు మొదటి సమాధానం ఇది. వేన్నీళ్ళ ఊట ప్రభుత్వ ఉత్తర్వుతో పుట్టదు. మనకున్నవి చల్లని ఊటలు, గెడ్డలు. శృంగవరపుకోట దగ్గర పుణ్యగిరి ధార క్రింద శివరాత్రినాడు తల పెట్టి వణికినవారు ఎవరూ తమకు లోపం జరిగిందని అనుకోలేదు.

ఇక నేను చూసిన సంగతి. ఆ మధ్య ఒక జనవరిలో మా ఆవిడ మోకాళ్ళ నొప్పులకు ఎవరో చెప్పగా తప్తపాణికి వెళ్ళాం. పర్లాకిమిడి మీదుగా కొండదారి. బరంపురం నుండి వచ్చేవారికైతే సుమారు 50 కిలోమీటర్లు. 1936 ఏప్రిల్‌లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేవరకు ఆ గంజాం సీమ కూడా మనతోపాటు మద్రాసు రాజధానిలోనిదే. పేరు వినగానే నాలోని పండితుడు ఉలిక్కిపడ్డాడు. సంస్కృతంలో పాణి అంటే చెయ్యి. బహువ్రీహిగా విడదీస్తే 'కాలిన చెయ్యి గలవాడు' అని అర్థం! ఒడియాలో పాణి అంటే నీరు. తప్తపాణి అంటే కాగిన నీరు, అంతే. నా విగ్రహవాక్యం విని మా ఆవిడ, "ఏమండీ, ఆ వ్యాకరణం పక్కన పెట్టి కాళ్ళు నీళ్ళలో పెట్టండి" అంది.

పెట్టాను. గంధకపు వాసన. చుట్టూ అడవి, దగ్గరే దేవి గుడి. ఊటనీటిని గొట్టాల ద్వారా పక్క కొలనులోకి మళ్ళించారు. అక్కడ అందరూ మునుగుతారు. ప్రభుత్వ పర్యాటక సంస్థ వారి పాంథనివాసంలో కొన్ని గదుల తొట్లకు కూడా అదే నీరు వస్తుంది. కొలనులో మాతోపాటు ఒక సవర ముసలావిడ మెడదాకా మునిగి కళ్ళు మూసుకుని కూర్చుంది. ఆమెకు ఆ నీరు ఉచితం. మా ఆవిడకూ ఉచితం. రెండు జతల మోకాళ్ళకు ఆ నీరు చూపిన దయలో భేదం లేదు. ఒడ్డున షాంపూ పొట్లాలు, సబ్బు కాగితాలు పడి ఉన్నాయి, అది వేరే సంగతి. ఆడవాళ్ళకు తగినంత చాటు లేదు, అది ముఖ్యమైన సంగతే.

తిరుగు ప్రయాణంలో మా అబ్బాయి ముందే డబ్బు కట్టిన మరొక చోట దిగాం. ఏ ఊరో, ఎవరిదో చెప్పను. కొండ మీది విశ్రాంతి భవనం. కాగితం మీద 'సహజ ఉష్ణజల చికిత్స' అని ఉంది. ఒక రాత్రికి నా నెల పింఛనులో పదునైన ముక్క పోయింది. నల్లరాతి తొట్టి, నీటి మీద గులాబీ రేకులు, ఎక్కడి నుండో వేణునాదం. నీళ్ళకు గంధకపు వాసనకు బదులు మల్లెపూల వాసన. నాకు అనుమానం వచ్చి, తువ్వాళ్ళు తెచ్చిన యువకుణ్ణి, "నాయనా, ఈ ఊట ఎక్కడుంది? ఒకసారి చూపిస్తావా?" అని అడిగాను.

అతను అటూ ఇటూ చూసి నవ్వాడు. "మేస్టారూ, తమరు నన్ను పోల్చలేదు గానీ, నేను తమరిని పోల్చీసినాను. ఊటా లేదు, గీటా లేదండి. ఎనక బాయిలేరు ఉన్నాది. నీళ్ళలో పొడుం కలిపీస్తాము" అన్నాడు. వెనకకు తీసుకువెళ్ళి చూపించాడు కూడా. కట్టెలు పేర్చి ఉన్నాయి. తెల్లవారుజామున మూడింటికి లేచి ఆ కట్టెలు మండించేది అతడే.

జపానులో ఇలా చేస్తే ఊరుకోరు. వేడి ఊటల స్నానం అక్కడ జాతీయ వ్యసనం. అందుకే 1948లోనే దానికొక చట్టం చేసుకున్నారు. నేలలోంచి వచ్చే నీరు 25 డిగ్రీలకు తగ్గకుండా ఉండాలి, లేదా చట్టం పేర్కొన్న పదార్థాలలో ఏదో ఒకటి నిర్ణీత పరిమాణంలో ఉండాలి. అప్పుడే అది 'ఓన్సెన్'. 2004లో నగానో ప్రాంతంలోని షిరాహోనె అనే పేరుపొందిన ఊటల ఊరిలో, పాలవంటి తెలుపు తగ్గిపోతున్నదని నీళ్ళలో రంగు పొడి కలిపినట్లు బయటపడి దేశమంతా గగ్గోలు పుట్టింది. మరుసటి సంవత్సరమే నిబంధన వచ్చింది: నీళ్ళు కలిపినా, వేడిచేసినా, వాడినదే తిప్పి వాడినా, పొడి కలిపినా ఆ మాట బోర్డు మీద వ్రాసి పెట్టాలి. వాళ్ళు పొడిని నిషేధించలేదు. అబద్ధాన్ని నిషేధించారు. మనకు కావలసిన వివేకం అది.

ఆయుర్వేదం పేరు చెప్పి నోరు మూయించేవారున్నారు. వాగ్భటుని అష్టాంగహృదయం దినచర్యాధ్యాయం ఏమంటున్నదో వారు చదివితే బాగుండును. వేడినీటి స్నానం మెడ క్రింది దేహానికి బలమని, అదే నీరు తలమీద పోసుకుంటే కేశాలకు, కన్నులకు చేటని ఆయన అభిప్రాయం. గులాబీ రేకుల సంగతి, వేణునాదం సంగతి అందులో లేవు. నీటిని ఎక్కడ కాచినా ఆయనకు అభ్యంతరం లేదు. అంటే మా పెరటి రాగి కాగులో కాగిన నీరు కూడా శాస్త్రసమ్మతమే. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారు, గర్భవతులు ఎక్కువ వేడి నీటిలో చాలాసేపు కూర్చోరాదని నేటి వైద్యులు చెబుతారు. మేము దిగినచోట ఆ మాట అడిగినవారూ లేరు, గోడమీద వ్రాసినవారూ లేరు.

ఎదుటివారి మాటలోనూ న్యాయం ఉంది, దాచను. ముసలివాళ్ళకు పట్టుకునేందుకు కమ్మీ కావాలి, ఆడవాళ్ళకు తలుపు కావాలి, ఎవరికైనా శుభ్రమైన నీరు కావాలి. వీటికి ఖర్చవుతుంది, రుసుము పెట్టవచ్చు. కాచిన నీళ్ళలో పూలరేకులు వేసి అమ్ముకోవచ్చు కూడా. కొనేవాడి ఇష్టం, అమ్మేవాడి బ్రతుకు. కాని కాచిన నీటిని కాచిన నీరు అనాలి. ఊట ఉన్నచోట కంచె వేసి ఆ సవర ముసలావిడను బయట నిలబెట్టకూడదు. నా వాదం ఇంతవరకే అయితే ఈ వ్యాసం ఇక్కడ ఆగేది.

ఆ యువకుణ్ణి నేను పోల్చుకోలేకపోయాను కదా. బాయిలరు పక్కన నిలబడి, "ఏ సంవత్సరం బాబూ?" అని అడిగాను. కొండమీది ఒక ఆశ్రమ పాఠశాలలో నేను పనిచేసిన రోజుల పేరు చెప్పాడు. "ఆరో తరగతిలో నీళ్ళోసుకోలేదని తమరు నన్ను కొట్టినారండి" అన్నాడు. కోపంగా కాదు, పాత స్నేహం చెప్పుకున్నట్లు అన్నాడు.

నాకు గుర్తుకు వచ్చింది. ఆ పిల్లవాడు కాదు, ఆ తెల్లవారుజాములు. అయిదు గంటలకు గంట కొట్టేవాళ్ళం. ఆరుబయట సిమెంటు తొట్టి. మంచుకు ఆ నీళ్ళు సూదుల్లా ఉండేవి. చొక్కాలు విప్పి వరుసగా నిలబడ్డ పదేళ్ళ పిల్లలు, పగిలిన పెదవులు, గజ్జి పట్టిన వేళ్ళు. వాళ్ళు చన్నీళ్ళకు భయపడి తల తడుపుకుని వచ్చి స్నానమైందని బొంకేవారు. నేను వీపు తడిమి చూసి, పొడిగా ఉంటే కొట్టేవాణ్ణి. తరువాత తరగతిలో శుచి, శుభ్రత అనే పాఠం చెప్పేవాణ్ణి. అప్పటికి నేను ఉన్ని కోటు తొడుక్కుని, వంటమనిషి ప్రత్యేకంగా కాచి ఇచ్చిన రెండు బకెట్ల వేన్నీళ్ళతో స్నానం చేసి ఉండేవాణ్ణి. వంటపొయ్యి మీద మరొక గుండిగ పెట్టించాలని నాకు ఒక్కనాడూ తోచలేదు. పై అధికారులకు ఒక అర్జీ వ్రాయాలనీ తోచలేదు. ఛందస్సులో తప్పులు పట్టడం తెలిసిన నాకు ఈ తప్పు ముప్పై యేళ్ళకు గాని కనిపించలేదు.

ఆ పిల్లవాడే నేడు తెల్లవారుజామున లేచి నాకోసం నీళ్ళు కాచాడు. అతని స్నానం మాత్రం, అడిగితే తెలిసింది, పెరటి కుళాయి దగ్గర చన్నీళ్ళతోనే.

కనుక మిత్రమా, సాలూరులో వేన్నీళ్ళ చోటు ఒకటి పెట్టాలన్న నీ కోరికను నేను కాదనడం లేదు. చోటు మారుద్దామంటున్నాను. ఎండకు లోటులేని దేశం మనది. కప్పు మీద సూర్యతాపంతో నీరు కాచే పరికరం కొత్త వింత కాదు. పెట్టినది పాడైతే బాగుచేయించే బాధ్యత ఒకరి పేరున వ్రాసి ఉండాలి, అంతే. ప్రతి ఆశ్రమ పాఠశాలలో, ప్రతి వసతిగృహంలో, కార్తీకం నుండి మాఘం దాకా ప్రతి పిల్లకూ ఒక బకెట్ వేన్నీళ్ళు, ఆడపిల్లలకు తలుపున్న స్నానాల గది అడుగుదాం. లారీల మీద బ్రతికే ఊరు మనది. రాత్రంతా మంచులో సుంకి ఘాటీ దిగి వచ్చే డ్రైవర్లూ క్లీనర్లూ రోడ్డు పక్క తొట్టిలో మగ్గు ముంచుకుంటూ వణికే దృశ్యం మనకు అలవాటై కనిపించడం మానేసింది. వారికోసం నాలుగు గదులు కట్టి పది రూపాయలు పుచ్చుకున్నా తప్పులేదు. నువ్వు చెప్పిన నాలుగు ఉద్యోగాలు అక్కడా వస్తాయి.

'వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడు' అని మనవారి సామెత. మనం చేసిన పని వేరు. వేన్నీళ్ళన్నీ ఒకవైపు, చన్నీళ్ళన్నీ ఒకవైపు వేరుచేసి పెట్టి, వేడివైపుకు సహజమని పేరు పెట్టుకున్నాం.

అర్జీ ఒకటి వ్రాసి సిద్ధంగా ఉంచాను. సంక్రాంతి సెలవుల తరువాత మా అరుగు మీదికి వచ్చి సంతకం చేయవలసిందిగా ఆ మిత్రుణ్ణీ, మా వీధిలోని విశ్రాంత ఉపాధ్యాయులందరినీ కోరుతున్నాను. మొదటి సంతకం నాది. చేయవలసిన కాలంలో చేయనివాడిని నేనే కదా.