నూరు గ్రాముల మాయ

బాదం గొప్పదా, తోటకూర గొప్పదా అని తేల్చేవాళ్లంతా నూరు గ్రాముల లెక్కే ముందు పెడతారు. నూరు గ్రాముల బాదంలో సుమారు 580 కేలరీలు, 21 గ్రాముల మాంసకృత్తులు. అంతే బరువున్న ఉడికిన తోటకూరలో 21 కేలరీలు, రెండే గ్రాముల మాంసకృత్తులు. కాల్షియంలోనూ బాదానిదే పైచేయి: అక్కడ 270 మిల్లీగ్రాములు, ఇక్కడ 210. ఇంకేం, తోటకూర ఓడిపోయింది!

కానీ నూరు గ్రాముల బాదం తినేదెవరు? అవి ఎనభై గింజలు. రాత్రి నానేసి పొద్దున్నే పొట్టు తీసి తినేది మహా అయితే పది, అంటే పన్నెండు గ్రాములు. వాటిలో కాల్షియం ముప్ఫై మిల్లీగ్రాముల పైచిలుకు. అదే తోటకూర కూర గిన్నెడు తింటే 150 గ్రాములు సులువుగా లోపలికి పోతుంది, 300 మిల్లీగ్రాములు ముడుతుంది. ఆకులోని ఆక్సలేట్లు అందులో చాలా భాగాన్ని ఒంటబట్టనివ్వవు, నిజమే. బాదంలోదీ పూర్తిగా ఒంటబట్టదు. అసలు తేడా నీటిది. ఉడికిన ఆకుకూరలో తొంభై పాళ్లు నీళ్లే, గింజలో ఐదు పాళ్లు కూడా ఉండవు.

గింజలకు చేతకానివీ ఉన్నాయి. బాదంలోగానీ వేరుశెనగలోగానీ సి విటమిన్ లేనట్టే, కెరోటిన్ కూడా అంతే. అవి కూరగాయల సొత్తు. ఉడికించిన నీళ్లు పారబోస్తే సి విటమిన్, ఫోలేట్ కొంత వాటితోపాటే పోతాయి. కెరోటిన్ సంగతి వేరు. ఉడికితే ఆకు కణాల్లోంచి అది బయటపడుతుంది, అయితే ఒంటబట్టాలంటే కాస్త కొవ్వు తోడుండాలి. తోటకూర వేపుడు మీద పల్లీల పొడి చల్లేవాళ్లు ఏ పట్టికా చూడకుండానే ఈ పని చేస్తున్నారు. గోంగూరలో నువ్వులపొడి కలిపేవాళ్లూ అంతే.

బాదానికున్న హోదా మాత్రం నాకు మింగుడుపడదు. ఇ విటమిన్‌లో అది వేరుశెనగను మించిందే, ఒప్పుకుంటాను. మాంసకృత్తుల్లో మాత్రం వేరుశెనగదే పైచేయి, నూరు గ్రాములకు 25 దాకా. ఫోలేట్ కూడా దానిలోనే ఎక్కువ. ధర చూస్తే రెంటికీ పోలికే లేదు. అనంతపురం చేలల్లో పండేదాన్ని చిరుతిండి కింద జమకట్టి, కాలిఫోర్నియా నుంచి దిగినదాన్ని మందులా లెక్కపెట్టి మింగుతున్నాం. బూజు పట్టిన పల్లీలను మాత్రం ఏరిపారేయాలి, వాటిలో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. వేయించినా అది పూర్తిగా పోదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో రోజుకు రెండు వేల కేలరీల భోజనానికి ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 35 గ్రాముల గింజలు చెప్పింది. రెంటిలో ఏదో ఒకటి అనలేదు. ఈ లెక్కన నలుగురున్న ఇంటికి రోజుకు కిలోన్నర పైగా కూరగాయలు కావాలి. మన ఇళ్లలో అరకిలో బెండకాయలు వేపుడై గుప్పెడంత అవుతాయి, దాన్నే నలుగురూ అన్నంలో నంజుకుంటారు. డబ్బాలోంచి ఇంకో ఐదు బాదం గింజలు తీసుకున్నంత మాత్రాన ఆ లోటు పూడదు. కూర గిన్నె పెద్దది కావాలి, అన్నం గరిటె చిన్నది కావాలి.