కణం గడప దాటిన మందు మూసీ దాటదా?

పాతబస్తీలో మన అక్క ఒకామె సర్కారు దవాఖానలో కాంట్రాక్టు కింద సఫాయి పని చేస్తుంది. ఒకనాడు చెత్త ఎత్తుతుంటే, వాడి పారేసిన సూది వేలికి దిగింది. "కడుక్కో, ఏం కాదు" అన్నాడు కాంట్రాక్టరు. ఏడాది తిరిగాక రక్త పరీక్షలో హెపటైటిస్-బి అని తేలింది. పనిలో పెట్టుకున్నప్పుడు టీకా వేయించినవాడు లేడు. సూది గుచ్చుకున్న రోజు కాగితం మీద రాసుకున్నవాడూ లేడు. ఇప్పుడామె రోజూ బిళ్ల మింగుతోంది. ఎన్నాళ్లు మింగాలంటే డాక్టరు సరిగా చెప్పడు. బతికినన్నాళ్లూ కావచ్చు.

ఈమె సంగతి చెబుతూ నానో టెక్నాలజీ మాటెత్తడమేమిటని అడగొచ్చు. సంబంధముంది.

1998లో అమెరికాలో ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో అనే శాస్త్రవేత్తలు ఒక సంగతి బయటపెట్టారు. రెండు పేటల ఆర్ఎన్ఏ తునక కణంలో పడితే, దానికి సరిపోలే జన్యువు నోరు మూతపడుతుంది. జన్యువు పంపే సందేశాన్ని దారిలోనే తుంచేస్తే, రోగానికి మూలమైన ప్రోటీన్ తయారు కాదు. ఇందుకు 2006లో వాళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది. నోరు మూయించడమంటే మనకు బాగా తెలిసిన విద్యే, తరతరాలుగా మన మీద వాడిన విద్యే. ఇక్కడ మాత్రం మూయించేది రోగం నోరు.

చిక్కల్లా కణం గడప దగ్గరే. రక్తంలో పడ్డ ఆర్ఎన్ఏను ఎంజైములు ముక్కలు ముక్కలు చేస్తాయి. మిగిలినదాన్ని కణం పొర లోపలికి రానివ్వదు. అందుకని దాన్ని కొవ్వు బుడగలో మూటగట్టి పంపడం నేర్చుకున్నారు. వెంట్రుక మందంలో దాదాపు వెయ్యో వంతు ఉండే బుడగ అది. కణం దాన్ని లోపలికి లాక్కుంటుంది. లోపలి ఆమ్లానికి బుడగ చిట్లి మందు బయటపడుతుంది. ఫైజర్, మోడెర్నా కోవిడ్ టీకాలు ఇటువంటి బుడగల్లోనే వచ్చాయి. రక్తంలోకి ఎక్కిస్తే ఈ బుడగలు ఎక్కువగా చేరేది కాలేయానికే. హెపటైటిస్-బి వైరస్ కాపురముండేదీ కాలేయంలోనే.

దారి దొరికింది. మరి ఆ దారిన ముందు నడిచిందెవరు? 2018 ఆగస్టులో అమెరికా అనుమతి పొందిన ఈ తరహా తొలి మందు పటిసిరాన్. పుట్టుకతో వచ్చే ఒక అరుదైన నరాల జబ్బుకు అది. అప్పుడు అక్కడ దాని ధర ఏడాదికి 4,50,000 డాలర్లుగా పెట్టారు. ఆ రోగులకు మందు వద్దని మేం అనం. కానీ 2022లో మన దేశంలో హెపటైటిస్-బి ఉన్నవాళ్లు 2 కోట్ల 98 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వాళ్ల కోసం ఆర్ఎన్ఏ మందుల మీద పరీక్షలు జరుగుతూ వచ్చాయి. వైరస్ ప్రోటీన్లు తగ్గాయి గానీ, ఆ పీడ పూర్తిగా వదిలినవాళ్లు కొద్దిమందే. ఇది సంజీవని అని మేం చెప్పడం లేదు. కోట్లమంది జబ్బు వరసలో వెనకెందుకుందని అడుగుతున్నాం.

"మీకు ముందు మంచినీళ్లు, మోరీలు కావాలి గానీ నానోలెందుకయ్యా" అనే పెద్దమనుషులున్నారు. నీళ్లూ కావాలి, నానో కూడా కావాలి. ముందు అది, తర్వాత ఇది అంటూ మన వంతు వెనక్కి నెట్టడం పాత ఎత్తే.

విద్య మన ఊళ్లోనే ఉంది. హబ్సిగూడలో సీసీఎంబీ, తార్నాకలో ఐఐసీటీ జనం పన్నులతో నడిచేవే. జన్యువులను కణంలోకి మోసే కొవ్వుల మీద ఐఐసీటీలో ఏళ్ల తరబడి పరిశోధన జరిగింది. సీసీఎంబీలోని అటల్ ఇంక్యుబేషన్ సెంటర్ 2022 మేలో స్వదేశీ ఎంఆర్ఎన్ఏ టీకా పరిజ్ఞానం సిద్ధమైందని ప్రకటించింది.

ధర దించడం కూడా ఈ ఊరికి తెలుసు. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకా తెచ్చింది. అంతదాకా వందల రూపాయలున్న దిగుమతి టీకా ధర దిగిరాక తప్పలేదు. కాలేయ కేన్సర్ మందు సొరాఫెనిబ్ నెలకు 2,80,000 రూపాయలుండేది. 2012లో కంపల్సరీ లైసెన్సు కింద హైదరాబాద్ కంపెనీ నాట్కోకు అనుమతి దొరికితే అదే మందు 8,800కు వచ్చింది. ఇది ఎవరి దయా కాదు. పేటెంటు చట్టంలో ఉన్న హక్కు.

అయితే ఇక్కడే ఆగి ఆలోచించాలి. ఇదే ఊళ్లో పుట్టి, చౌకగా దొరికే టీకా, ఇన్నేళ్లకు కూడా దవాఖానలోనే పనిచేసే మన అక్క చేతికి చేరలేదు. చౌక అయినంత మాత్రాన మందు మన గడపకు రాదు. శాస్త్రం కణం పొర దాటించింది, కులం గోడ దాటించలేదు.

మందు మన దాకా రాకపోయినా పరీక్షలకు మాత్రం మన పిల్లలు ముందు గుర్తొస్తారు. 2009లో ఖమ్మం జిల్లాలో దాదాపు 14,000 మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార కేన్సర్ టీకా వేశారు. వాళ్లలో చాలామంది హాస్టళ్లలో చదివే ఆదివాసీ పిల్లలు. అమ్మానాన్నలు పెట్టాల్సిన సంతకాలు ఎన్నోచోట్ల వార్డెన్లు, హెడ్మాస్టర్లు పెట్టారు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో దీన్ని గట్టిగా తప్పుబట్టింది. మా గొడవ టీకాతో కాదు, అడగకుండా సూది పొడవడంతో.

ఇక ఏ రోగానికి ముందు మందు వెతకాలో తేల్చే గదిలో మనోళ్లెందరున్నారు? శాస్త్ర, సాంకేతిక పరిశోధన ఉద్యోగాల్లో గ్రూప్-ఎ కింది మెట్టు దాటితే రిజర్వేషన్ల నుంచి మినహాయింపుకు దారి తెరుస్తూ కేంద్రం 1975లోనే ఉత్తర్వులిచ్చింది. గదిలో మనం లేనప్పుడు సఫాయి అక్క కాలేయం ఎవరికి గుర్తొస్తుంది?

కాబట్టి మేం అడిగేవి ఇవి. సర్కారు సొమ్ముతో పుట్టే ప్రతి ఆర్ఎన్ఏ మందుకూ సర్కారు దవాఖానలో ఉచితంగా ఇవ్వాలన్న షరతు ముందే రాయాలి. హెపటైటిస్-బి, క్షయ వంటి మన జబ్బులు పరిశోధన జాబితాలో పైకి రావాలి. పరీక్షల కాగితాలు తెలుగులో, ఉర్దూలో చదివి వినిపించి, కాదనే హక్కు ఉందని చెప్పాకే సంతకం తీసుకోవాలి. 1975 నాటి మినహాయింపు పోవాలి.

ఇవన్నీ తేలడానికి ఏళ్లు పట్టొచ్చు. రేపు పొద్దున్నే చేయగలిగింది ఒకటుంది. చెత్త ఎత్తే ప్రతి సఫాయి మనిషికీ హెపటైటిస్-బి టీకా, మందపాటి గ్లవుజులు, సూది గుచ్చుకుంటే రాసుకునే రిజిస్టరు. దీనికి నానో అక్కర్లేదు, నీతి ఉంటే చాలు.