సగం కిటికీ, పూర్తి బిల్లు

ఇంటికి కిటికీ ఎందుకు? మరీ అమాయకమైన ప్రశ్న అని నాకూ తెలుసు. కానీ మా ఇంటి కిటికీలు మార్పించిన నాలుగు నెలల్లో ఈ ప్రశ్న నన్ను అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఏ రంగు కావాలని అడిగారు. అద్దం ఎన్ని మిల్లీమీటర్లు వెయ్యమంటారని అడిగారు. అడ్వాన్సు యూపీఐలో వేస్తారా, చెక్కు ఇస్తారా అని అడిగారు. లోపలికి గాలి ఎంత రావాలని మాత్రం అడగలేదు. నేనూ అడగలేదు. ఈ వ్యాసంలో తిట్లు పడాల్సినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

మాది విజయవాడ. 1989లో నాన్నగారు కట్టించిన ఇల్లు. టేకు చట్రాలు, టేకు రెక్కలు. ఒక్కో కిటికీకి కింద రెండు, పైన రెండు రెక్కలు. మధ్యలో ఇనుప ఊచలు. ముప్పై ఏళ్ళు దాటాక రెండు చట్రాలకి చెదలు పట్టింది. వానాకాలం రెక్కలు ఉబ్బి బిగుసుకుపోయేవి, ఎండాకాలం ఎండి సందులు పడేవి. దోమల సంగతి చెప్పక్కర్లేదు. కాబట్టి పాతదంతా బంగారమని పాడటానికి నేనిక్కడ కూర్చోలేదు. కిటికీలు మార్చక తప్పలేదు. నా గొడవ మార్పు మీద కాదు, మార్పు పేరుతో అంటగడుతున్న సరుకు మీద.

మళ్ళీ టేకుతోనే చేయిద్దామనుకుని కలప అడితీకి వెళ్ళి, ధర విని, నోరు మూసుకుని తిరిగొచ్చాను. మిగిలింది యూపీవీసీ. షోరూమ్‌లో కుర్రాడు చాలా మర్యాదస్తుడు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. "ఇప్పుడందరూ స్లైడింగే వేయించుకుంటున్నారు సార్, లుక్ బావుంటుంది, ప్లేస్ కలిసొస్తుంది" అన్నాడు. "టూ ట్రాకా, త్రీ ట్రాకా?" అని అడిగాడు. త్రీ ట్రాక్ అంటే మూడు రెక్కలు, అంటే ఇంకాస్త గాలి అనుకుని అదే ఖాయం చేశాను. బిగించిన రోజున తెలిసింది, మూడో ట్రాకు దోమల జాలీకని.

స్లైడింగ్ కిటికీ రెక్క బయటికి తెరుచుకోదు, పక్క రెక్క వెనక్కి జరుగుతుంది. రెండద్దాల కిటికీలో మీరు ఎటు జరిపినా, ఎంత జరిపినా, సగానికి ఎప్పుడూ అద్దం అడ్డంగానే ఉంటుంది. ఏ కంపెనీదైనా అంతే. ఎంత ఖరీదు పెట్టినా అంతే. ఇది నాసిరకం పనితనం కాదు, ఆ రకం కిటికీ లక్షణమే అది.

ఇదేమీ నేను కనిపెట్టిన రహస్యం కాదు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఎకో నివాస్ సంహిత పేరుతో ఇళ్ళకోసం ఒక ఇంధన పొదుపు కోడ్ తెచ్చింది. ఇంటి నేల విస్తీర్ణంలో ఎంత భాగం తెరుచుకునే కిటికీలూ తలుపులూ ఉండాలో అందులో లెక్క ఉంది. మా కోస్తా లాంటి ఉక్కపోత ప్రాంతాలకి 16.66 శాతం, అంటే ఆరో వంతు. హైదరాబాద్‌కి 12.5 శాతం, ఎనిమిదో వంతు. ఏ రకం కిటికీ ఎంత తెరుచుకుంటుందో కూడా అందులోనే రాశారు. రెక్కల కిటికీకి 90 శాతం, రెండద్దాల స్లైడింగ్‌కి 50 శాతం. ఆ లెక్క ఇల్లు మొత్తానికి, అదీ 500 చదరపు మీటర్లూ ఆపైన ఉన్న స్థలాల్లో కట్టే ఇళ్ళకి. మా చిన్న స్థలానికి వర్తించదు. కానీ ఉక్కపోత స్థలం కొలతలు చూసి రాదు కదా.

ఒక్క గదికే లెక్కేసి చూద్దాం. గది పన్నెండు పదులు, 120 చదరపు అడుగులు. ఆరో వంతు అంటే 20 అడుగులు తెరుచుకోవాలి. ఆ గదికి ఆరు నాలుగుల కిటికీ ఒకటి ఉంది, 24 అడుగులు. రెక్కల కిటికీ అయితే 21.6 అడుగులు తెరుచుకుంటుంది, గట్టెక్కినట్టే. అదే గోడకి, అదే కంతలో స్లైడింగ్ బిగిస్తే 12 అడుగులు. మా ఇంట్లో నేను డబ్బిచ్చి మరీ చేయించుకున్న పని ఇదే. గోడ మారలేదు, కంత మారలేదు, గాలి దారి సగమైంది.

బిల్లు మాత్రం సగం కాలేదు. ఎస్‌ఎఫ్‌టీకి ఇంత అని చట్రం బయటి అంచు నుంచి బయటి అంచు దాకా కొలిచి వేశారు. తెరుచుకోని సగానికీ అదే రేటు. బాత్‌రూమ్ వెంటిలేటర్ చిన్నదే, కానీ "మినిమమ్ ఇంత వేస్తాం సార్" అని లేని అడుగులకీ డబ్బు తీసుకున్నారు. జాలీ ఎక్స్‌ట్రా. పాత చట్రంతోపాటు ఊచలూ పోయాయి కాబట్టి గ్రిల్లు ఎక్స్‌ట్రా. చట్రం పీకినప్పుడు పగిలిన గోడ సంగతి అడిగితే, "సివిల్ వర్క్ మీదే సార్" అన్నారు. పదేళ్ళ వారంటీ అని పెద్దక్షరాల్లో చదివాను. అది ప్లాస్టిక్ చట్రానికట. రోజూ అరిగే చక్రాలకి, గడియలకి ఒక ఏడాదేనని కొటేషన్ రెండో పేజీ అడుగున ఉంది.

రెండో ఏడు హాల్లో ఒక రెక్క చక్రం విరిగింది. బిగించిన ఫ్యాబ్రికేటర్ దుకాణం ఎత్తేశాడు. ఇంకొకాయన వచ్చి చూసి, "ఇది వేరే ప్రొఫైల్ అండీ, మా చక్రం దీనికి పట్టదు" అన్నాడు. పాత కిటికీకి మడతబందు ఊడితే వీధి చివర వడ్రంగి వచ్చి నాలుగు మరలు బిగించి పోయేవాడు.

అవతలివైపు వాదన కూడా చెప్పాలి. స్లైడింగ్ మంచానికి అడ్డురాదు, పరదాకి అడ్డురాదు, గాలివానకి రెక్క కొట్టుకోదు. బయట గ్రిల్లు పెట్టుకుంటే బయటికి తెరుచుకునే రెక్కకి చోటుండదు. ఇవన్నీ నిజమే. కానీ అదే యూపీవీసీలో బయటికి తెరుచుకునే రెక్కలూ చేస్తారు. గ్రిల్లు మధ్యలోకి జరిపి, జాలీ రెక్క లోపలివైపు పెట్టొచ్చు. మన పాత ఇళ్ళలో ఎన్నో కిటికీలు అలాగే ఉండేవి. ఈ సంగతి తర్వాత అడిగితే, "ఉంది సార్, కాకపోతే రేటు కొంచెం ఎక్కువ, అందుకే చెప్పలేదు" అన్నాడు ఆ మర్యాదస్తుడు. నా డబ్బు మిగిల్చానని అతని ఉద్దేశం. ఎంచుకునే అవకాశమే మిగల్చలేదని నా ఫిర్యాదు.

బిగించిన తర్వాత వచ్చిన మే నెలలో ఒక రాత్రి కరెంటు పోయింది. ఇన్వర్టరూ చేతులెత్తేసింది. డెబ్భై ఎనిమిదేళ్ళ మా అమ్మ చీకట్లో విసనకర్ర ఊపుకుంటూ, "ఒరే, ఆ రెండో రెక్క కూడా తియ్యరా" అంది. రెండో రెక్క తియ్యడానికి లేదని, తీస్తే మొదటిది మూసుకుంటుందని ఆవిడకి చెప్పడానికి నాకు సిగ్గేసింది.

ఇదే మాట షోరూమ్‌లో చెబితే, "ఏసీ ఉంటుందిగా సార్" అన్నాడు. అసలు సంగతి ఈ జవాబులోనే ఉంది. వీళ్ళు అమ్ముతున్నవి ఏసీ గదికి మూతలు. ఏసీ ఉన్నవాడు కరెంటు బిల్లు కట్టుకుని బతుకుతాడు. కానీ ఇవే కిటికీలు అపార్టుమెంటు పైఅంతస్తులో అద్దెకుండేవాళ్ళకీ వస్తున్నాయి. వాళ్ళని ఏ రకం కావాలని అడిగేవాడు లేడు, ఏసీ కొనే స్తోమత ఉందా అని చూసేవాడూ లేడు.

మా వెనక గదిలో పాత కిటికీ ఒకటి మిగిలింది. నా తెలివి కాదు, డబ్బు చాలక ఆపాను. ఎండాకాలమంతా అమ్మ మంచం అక్కడే. పడుకునేటప్పుడు కింది రెక్కలు మూసి, పై రెక్కలు రెండూ బార్లా తెరుస్తుంది. వీధిలోవాళ్ళకి మనిషి కనపడదు, మనిషికి గాలి అందుతుంది.

మీరు కిటికీలు మార్పించబోతుంటే, రంగు ఎంచుకునే ముందు మూడు ప్రశ్నలడగండి. మొత్తంలో ఎన్ని అడుగులు తెరుచుకుంటుంది? చక్రం గానీ మడతబందు గానీ పోతే ఎవరు, ఏ ధరకి, ఎన్నాళ్ళపాటు ఇస్తారు? గోడ పని, గ్రిల్లు, జాలీ అన్నీ కలిపి అంకె ఎంత? జవాబులు కాగితం మీద రాసిమ్మనండి. రాయనంటే లేచి రండి. బిల్లుకి కిటికీ మొత్తం కొలుస్తున్నవాళ్ళని, అందులో తెరుచుకునేదెంతో కూడా కొలిచి చూపించమనడం అత్యాశేమీ కాదు.